గడి చూసి కొండ, మబ్బు చూసి రోజు: దక్షిణాఫ్రికాలో కష్టమైన జియోక్యాష్‌ల లెక్కలు

జియోక్యాషింగ్‌లో క్యాష్ అంటే డబ్బు కాదు, డబ్బా. ఎవరో ఒక డబ్బాలో చిన్న లాగ్‌బుక్ పెట్టి, బండల సందులోనో చెట్టుతొర్రలోనో దాచి, ఆ చోటి కోఆర్డినేట్లు జియోక్యాషింగ్ డాట్ కామ్‌లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ పట్టుకుని వెళ్లి, వెతికి, పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టే పెట్టి వస్తారు. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. మే 3న ఒరెగాన్‌లో మొదటి డబ్బా దాచారు. ఆట పుట్టింది అలా. దాన్ని తీరని దాహంగా మార్చింది మాత్రం గణాంకాల పేజీ.

దక్షిణాఫ్రికాలో ఆ దాహం కొండలవైపు లాగుతుంది. కేప్‌టౌన్ ఊరి నడుమే వెయ్యి మీటర్ల కొండ, టేబుల్ మౌంటెన్, నిలబడి ఉంది. జొహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా వాళ్లకు మగాలీస్‌బర్గ్ లోయలు దగ్గర. డర్బన్ నుంచి లోపలికి వెళ్తే మూడు వేల మీటర్లు దాటే డ్రాకెన్స్‌బర్గ్ గోడ. ఊళ్లో ఉన్న సులువు డబ్బాలు కొన్నాళ్లకు అయిపోతాయి, తర్వాత పట్టికలో బోసిగా మిగిలేవి చాలావరకు కొండ గళ్లే. ఉద్యోగాల మీద అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లలో వారాంతాల్లో ట్రెక్కులు చేసేవాళ్లకు ఈ ఆట ఇట్టే అంటుకుంటుంది. అయితే శేషాచలంలోనో అనంతగిరిలోనో కాళ్లకు అలవాటైన లెక్కలు కొన్ని అక్కడ తలకిందులవుతాయి. అవేమిటో కింద వరసగా వస్తాయి.

ముందు పట్టిక చదవండి

ప్రతి క్యాష్‌కూ రెండు అంకెలుంటాయి. డిఫికల్టీ అంటే వెతకడం లేదా పజిల్ విప్పడం ఎంత కష్టమో చెప్పేది. టెరైన్ అంటే అక్కడికి చేరడం ఎంత కష్టమో చెప్పేది. రెండూ 1 నుంచి 5 వరకు, అరేసి చొప్పున పెరుగుతాయి. తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు, మొత్తం 81 గళ్లు. ఈ పట్టిక మొత్తం నింపడాన్ని ఫిజ్జీ ఛాలెంజ్ అంటారు.

టెరైన్ 1 అంటే చక్రాల కుర్చీలో వెళ్లగలిగే చోటు. 2 అంటే మంచి బాట మీద 3 కి.మీ. లోపు నడక. 2.5 అంటే 5 కి.మీ. లోపు, కాస్త ఎగుడుదిగుడు. 3 దగ్గర్నుంచి 5 కి.మీ. దాటిన నడకలు మొదలవుతాయి. 4లో చేతులు వేసి ఎక్కడం, ఈదడం, దట్టమైన పొదలు తోసుకుంటూ పోవడం ఏదైనా రావచ్చు. 4.5 అంటే కాలు జారితే దెబ్బతో పోదు అన్నమాట. 5 అంటే తాడో పడవో డైవింగ్ సామానో లేకుండా కుదరనిది. ఈ అంకెలు వేసేది డబ్బా దాచినవాళ్లే కాబట్టి, రోజూ బండలెక్కే మనిషి వేసిన 3.5 మనకు 4.5లా తగలొచ్చు. అంకె కంటే పాత లాగ్‌లనే ఎక్కువ నమ్మండి.

టెరైన్ 4, 4.5, 5 కలిపి మూడు నిలువు వరుసలు, అంటే 27 గళ్లు. పట్టికలో సరిగ్గా మూడో వంతు. కొండ నడక లెక్కల్లో కనబడేది ఇక్కడే, సగటులో కాదు. 400 డబ్బాలు దొరికి, సగటు టెరైన్ 1.8 ఉన్నవాళ్లు ఒక రోజంతా చెమటోడ్చి 4.5 ఒకటి చేసినా సగటు 1.807 అవుతుంది. పేజీలో రెండు దశాంశాలే కనబడితే 1.81. ఒక రోజు ఎండకు ఇంతేనా అనిపిస్తుంది. అదే నడక పట్టికలో ఒక ఖాళీ గడిని పూర్తిగా నింపేస్తుంది. అందుకే సగటు పెంచుకోవడానికి కొండెక్కకండి, గడి కోసం ఎక్కండి.

మిగతా లెక్కలు త్వరగా. జాస్మర్ అంటే 2000 మే నుంచి ప్రతి నెలలో దాచిన డబ్బా ఒక్కొక్కటైనా వెతకడం. 2025 డిసెంబరు నాటికి 308 గళ్లు. తొలి నెలల డబ్బాలు దక్షిణాఫ్రికాలో అన్నీ దొరకవు, ఎప్పుడో ఒకప్పుడు విమానం ఎక్కక తప్పదు. క్యాలెండర్ లెక్కలో 366 రోజులు, ఫిబ్రవరి 29 పోతే మళ్లీ నాలుగేళ్లు ఆగాలి. దేశంలో 9 ప్రావిన్సులు, 8 మహానగరాలు, 44 జిల్లాలు ఉన్నాయి కాబట్టి మ్యాపు రంగులేసుకునే పిచ్చి ఉన్నవాళ్లకు 52 ముక్కలు.

ఇంకా సన్నగా కావాలంటే 1:50,000 సర్వే మ్యాపుల అంకెలు ఉన్నాయి. 3318 సీడీ అనే షీటునే తీసుకోండి. 33 అంటే దక్షిణ అక్షాంశం, 18 అంటే తూర్పు రేఖాంశం. ఆ డిగ్రీ చదరాన్ని నాలుగు చేసి పై ఎడమ నుంచి ఏ, బీ, కింద ఎడమ నుంచి సీ, డీ అంటారు. అందులో ఒకదాన్ని మళ్లీ అలాగే నాలుగు చేస్తారు. కాబట్టి 3318 సీడీ అంటే 33° 45′ నుంచి 34° 00′ దక్షిణం, 18° 15′ నుంచి 18° 30′ తూర్పు. కేప్‌టౌన్ నగరం అందులోనే పడుతుంది. దాని కింద ఉన్న 3418 ఏబీలో ద్వీపకల్పం మొదలవుతుంది. ఒక ఎక్సెల్ షీట్‌లో ఈ అంకెలు పెట్టుకుని, దొరికిన డబ్బా ఉన్న షీటు పక్కన టిక్ పెట్టుకుంటూ పోతే, ఏ మూలకు ఇంతవరకు కాలు పెట్టలేదో చూడగానే తెలిసిపోతుంది.

లెక్క నుంచి డబ్బా దాకా

1. జియోక్యాషింగ్ డాట్ కామ్‌లో మీ ప్రొఫైల్ గణాంకాల్లో డిఫికల్టీ, టెరైన్ పట్టిక తెరిచి, సున్నా ఉన్న గళ్లూ ఒకటే ఉన్న గళ్లూ కాగితం మీద రాసుకోండి. ఒకటే ఉన్న గడి ఎందుకంటే, యజమాని రేపు 4ను 3.5 చేస్తే ఆ గడి మళ్లీ సున్నా అవుతుంది. పట్టిక లెక్కపెట్టేది మీరు వెతికిన రోజున్న అంకెను కాదు, ఇప్పుడున్న అంకెను. ఈ దెబ్బ తిన్నవాళ్లు కొండ గళ్లలో రెండేసి ఉంచుకుంటారు.

2. వెతుకులాటలో ప్రావిన్సు ఎంచుకుని, టెరైన్ 4 నుంచి 5 పెట్టి, మీకు ఇదివరకే దొరికినవి, తాత్కాలికంగా ఆపినవి తీసేయండి. ప్రీమియం సభ్యులైతే ఇదే జాబితాను పాకెట్ క్వెరీగా మార్చుకోవచ్చు, ఒక్కోదానిలో 1000 డబ్బాల వరకు పడతాయి. ఆ జీపీఎక్స్ ఫైలు గార్మిన్ జీపీఎస్ పరికరంలోకీ వెళ్తుంది, కంప్యూటర్‌లో డబ్బాల జాబితాలు చూసుకునే జీశాక్ ప్రోగ్రామ్‌లోకీ వెళ్తుంది.

3. గణాంకాలు చూపించే ప్రాజెక్ట్-జీసీ అనే ఇంకో సైటులో మీ ఖాతా కలిపి, పట్టికను దేశం వారీగా చూడండి. మొత్తం మీద నిండిన గడి దక్షిణాఫ్రికా వరకే చూస్తే ఖాళీగా ఉండొచ్చు. స్థానిక ఛాలెంజ్‌లు కొన్ని ఇలాగే అడుగుతాయి.

4. ఛాలెంజ్ క్యాష్ (ముందు ఒక గణాంకాల షరతు తీరిస్తేనే లెక్కలో పడే డబ్బా) ఎంచుకుంటే, బయల్దేరే ముందే దాని పేజీలో ఉన్న, అర్హత తేల్చే చెకర్‌లో మీ పేరు వేసి చూడండి. 2016లో నియమాలు మారాక ప్రచురించిన ప్రతి ఛాలెంజ్‌కూ చెకర్ తప్పనిసరి. అర్హత రాకముందే కొండెక్కి సంతకం చేసినా తప్పు లేదు. అప్పుడు నోట్ మాత్రం రాసి, అర్హత వచ్చిన రోజున దొరికినట్టు లాగ్ చేయాలి.

పజిల్ క్యాష్ అయితే మ్యాపు మీద కనిపించే గుర్తు అసలు చోటు కాదు. అసలు డబ్బా సాధారణంగా అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. చదును నేల మీద అది పెద్ద దూరం కాదు. టేబుల్ మౌంటెన్ దగ్గర మూడు కిలోమీటర్లంటే కార్ పార్కుకూ శిఖరానికీ మధ్య ఉన్న తేడా. పజిల్ ఇంటిదగ్గరే విప్పి, సరిదిద్దిన కోఆర్డినేట్లు పేజీలో వేసుకున్నాకే కొండ సంగతి ఆలోచించండి.

పేజీలో ఏం చూడాలి

డబ్బా సైజు ముందు చూడండి. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల లోపు, స్మాల్ ఒక లీటరు లోపు, రెగ్యులర్ 20 లీటర్ల లోపు. శిఖరం మీద వెయ్యి రాళ్ల మధ్య మైక్రో అంటే గంట వెతుకులాటకు సిద్ధపడాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అన్న సామెత ఈ ఆట కోసమే పుట్టిందేమో.

తర్వాత అట్రిబ్యూట్లు (డబ్బా సంగతులు చెప్పే చిన్న గుర్తులు), అదనపు వేపాయింట్లు (దారిలోని చోట్ల కోఆర్డినేట్లు). పార్కింగ్ చోటు, బాట మొదలు, దారి చీలే చోట్లు ఇచ్చి ఉంటే అన్నీ దించుకోండి. ఇవ్వకపోతే డబ్బా వైపు బాణం చూపించే దిక్కున నేరుగా నడవకండి. బాణానికి లోయలు తెలియవు. కొండల్లో సహాయక బృందాలకు వచ్చే ఫోన్లలో బాట వదిలి అడ్డదారి పట్టినవాళ్లవి ఎప్పుడూ ఉంటాయి.

పాత లాగ్‌లు కనీసం పది చదవాలి. ఊళ్లో మూడు డీఎన్ఎఫ్‌లు (దొరకలేదన్న లాగ్‌లు) వరుసగా ఉంటే డబ్బా పోయిందనుకోవచ్చు. కొండమీద లెక్క వేరు. మూడేళ్లుగా ఎవరూ వెళ్లకపోయినా, చివరిసారి వెళ్లినవాళ్లకు దొరికి ఉంటే, అది అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి ఒంటరి డబ్బాల మీద ప్రత్యేకంగా మోజు పడేవాళ్లున్నారు, ఆ మోజు తప్పేం కాదు. అయితే చివరి లాగ్ తర్వాత ఆ కొండమీద మంటలు వచ్చాయా అని ఒకసారి వార్తలు వెతకండి. కేప్ కొండల్లో ఫైన్‌బోస్ అనే స్థానిక పొదలు అంటుకుంటే ప్లాస్టిక్ డబ్బా ముద్దగా కరిగిపోతుంది.

భూమి ఎవరిదో కూడా చూడాలి. సీడర్‌బర్గ్ కొండల్లో కేప్‌నేచర్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ పర్మిట్ కావాలి. డ్రాకెన్స్‌బర్గ్ ఉద్యానవనంలో ప్రవేశ రుసుము ఉంటుంది, రాత్రి ఉండేవాళ్లు మౌంటెన్ రిజిస్టర్‌లో దారి, మనుషులు, తిరిగొచ్చే సమయం రాయాలి. మగాలీస్‌బర్గ్ లోయలు కొన్నింటికి మౌంటెన్ క్లబ్ అనుమతి లేనిదే దారి లేదు. టేబుల్ మౌంటెన్‌ను ప్లాటెక్లిప్ వైపు నుంచి కాలినడకన ఎక్కితే టికెట్ లేదు. కర్స్టెన్‌బాష్ తోటలోంచి మొదలెడితే తోట టికెట్ ఉంటుంది.

సమయం లెక్క

పాతకాలపు నేయిస్మిత్ సూత్రం ఇప్పటికీ పనిచేస్తుంది: 5 కి.మీ. నడకకు గంట, 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట.

ప్లాటెక్లిప్ గార్జ్ దారిలో పైకి సుమారు 3 కి.మీ., ఎత్తు 700 మీటర్ల దాకా. నడకకు 36 నిమిషాలు, ఎత్తుకు 70 నిమిషాలు, వెరసి గంటా ముప్పావు. దారంతా రాతిమెట్లే కాబట్టి అలవాటు లేనివాళ్లు రెండున్నర వేసుకోవాలి. డ్రాకెన్స్‌బర్గ్‌లో కెథీడ్రల్ పీక్, 3,004 మీటర్లు, రానూపోనూ సుమారు 20 కి.మీ., ఎత్తు దాదాపు 1,500 మీటర్లు. 4 గంటలు, ఇంకో రెండున్నర, మొత్తం ఆరున్నర. చివర చేతులతో ఎక్కాల్సిన బండలున్నాయి కాబట్టి నాలుగో వంతు కలిపితే ఎనిమిది దాటుతుంది. వెతకడానికి ముప్పావు గంట. తొమ్మిది గంటల పని. ఉదయం అయిదుకు మొదలెట్టకపోతే మధ్యాహ్నపు ఉరుములు శిఖరం మీదే ఎదురవుతాయి.

దీంట్లో జియోక్యాషర్లు మరిచేది వెతుకులాట సమయం. దారికి లెక్క కడతారు, డబ్బాకు కట్టరు. "ఇంకో పది నిమిషాలు" అనుకుంటూ గంట పోతుంది. అందుకని వెనక్కి తిరిగే సమయం ఒకటి ముందే రాసిపెట్టుకోండి: మధ్యాహ్నం ఒంటిగంట అంటే ఒంటిగంట, డబ్బా దొరికినా దొరక్కపోయినా. గడి ఎక్కడికీ పోదు.

ఏ కొండ, ఏ నెల

కేప్‌లో వానలు చలికాలంలో, అంటే మే నుంచి ఆగస్టు వరకు. డ్రాకెన్స్‌బర్గ్‌లో వానలు వేసవిలో, నవంబరు నుంచి మార్చి వరకు, అదీ మధ్యాహ్నాలు పిడుగులతో. జూన్, జులైల్లో డ్రాకెన్స్‌బర్గ్‌లో ఆకాశం నీలంగా ఉండి రాత్రి నీళ్ల సీసా గడ్డకడుతుంది, మంచు కూడా పడొచ్చు. రెండు చోట్లా హాయిగా ఉండేది ఏప్రిల్, మే మొదటి రోజులు. డిసెంబరు సెలవుల్లో వచ్చి రెండూ ఒకే వారంలో ముగించాలనుకునేవాళ్లకు కేప్‌లో ఎండా గాలీ, డ్రాకెన్స్‌బర్గ్‌లో పిడుగులూ కలిపి తగులుతాయి.

టేబుల్ మౌంటెన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఊరిని ఆనుకుని ఉందని దీన్ని తక్కువగా చూస్తారు. ఎత్తైన చోటు మెక్‌లియర్స్ బీకన్, 1,085 మీటర్లు, పై కేబుల్ స్టేషన్ నుంచి తూర్పుగా ఇంకా నడవాలి. ప్లాటెక్లిప్ దారి తప్పడం కష్టం, కానీ నీడ ఉండదు, వేసవి మధ్యాహ్నం పెనం మీద నడిచినట్టుంటుంది. స్కెలిటన్ గార్జ్ నీడగా ఉంటుంది, నిచ్చెనలూ తడి రాళ్లూ ఉంటాయి. ఎక్కడానికి మంచిది, దిగడానికి పక్కనున్న నర్సరీ రవీన్ మేలు. ఇండియా వెన్‌స్టర్ పేరులో ఇండియా ఉందని మురిసిపోకండి: మొదట మామూలు బాటలా కనిపించి, పైకి పోయేకొద్దీ చేతులతో పట్టుకుని ఎక్కే బండలు వస్తాయి. దాన్ని తెలిసినవాళ్లతో ఎక్కాలి, ఆ దారిన దిగకూడదు.

ఆగ్నేయపు గాలి లేస్తే కొండమీద తెల్లటి మబ్బు దుప్పటిలా పరుచుకుంటుంది, టేబుల్‌క్లాత్ అంటారు. కిందనుంచి ఫొటోకు ముచ్చటగా ఉంటుంది. పైన ఉన్నవాళ్లకు పది మీటర్ల అవతల ఏముందో కనబడదు. అదే గాలికి కేబుల్ కారు ఆగిపోతుంది. "ఎక్కి, కేబుల్ కారులో దిగుదాం" అని నీళ్లూ టార్చీ లేకుండా బయల్దేరినవాళ్ల ప్లాను చెడేది ఇక్కడే. కేబుల్ కారు లేదనుకునే ప్లాను వేసుకోండి, దొరికితే కలిసొచ్చినట్టు.

ఒంటరిగా వెళ్లకూడదన్న మాట ఇక్కడ రెండు రకాలుగా నిజం. కాలు బెణికితే ఒకరు తోడుండి ఇద్దరు సాయానికి వెళ్లగలగాలి, అందుకే నలుగురు మంచి సంఖ్య. నగరం అంచున ఉన్న బాటల్లో దోపిడీలు కూడా జరుగుతుంటాయి; ఖరీదైన జీపీఎస్‌ను చేతిలో ఊపుకుంటూ నడవకండి.

డ్రాకెన్స్‌బర్గ్‌లో ఆంఫీథియేటర్ పైకి సెంటినెల్ కార్ పార్కు నుంచి వెళ్తారు. బాట చివర కొండకు బిగించిన గొలుసు నిచ్చెనలు రెండు దఫాలుగా ఉంటాయి. ఎత్తంటే భయమున్నవాళ్లు నిచ్చెన మధ్యలో ఆగిపోతే వెనకవాళ్లందరూ ఆగాలి, కాబట్టి ఇంటిదగ్గరే నిజం చెప్పుకోవడం మంచిది. చలికాలపు ఉదయాల్లో మెట్ల కమ్మీలకు మంచు పడుతుంది, పట్టున్న చేతితొడుగులు కావాలి. పైకి వెళ్లాక ఒక లెక్క మారుతుంది. గోడ వెనకాలే లెసోతో దేశపు సరిహద్దు ఉంది. దానికి అవతల ఉన్న డబ్బా గణాంకాల్లో లెసోతో కింద పడుతుంది. దేశాల సంఖ్య పెరిగిందని సంబరపడేవాళ్లు కొందరు, దక్షిణాఫ్రికా పట్టికలో గడి నిండలేదని తల పట్టుకునేవాళ్లు కొందరు. ఎక్కే ముందే పేజీలో దేశం పేరు చూసుకుంటే సరి. ఫోను కూడా లెసోతో నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్‌లోకి వెళ్లొచ్చు.

దిక్కులు తిరగబడే చోటు

మధ్యాహ్నం సూర్యుడు అక్కడ ఉత్తరాన ఉంటాడు. మన దగ్గర చాలా నెలలు ఎండ దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి, దారి తప్పిన కంగారులో నీడ చూసి దిక్కు పట్టుకునేవాళ్లు సరిగ్గా ఎదురు దిశలో నడుస్తారు.

దిక్సూచి ఇంకో తంటా. తెలుగునాట అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ, పట్టించుకోనక్కర్లేదు. కేప్‌టౌన్‌లో ముల్లు అసలు ఉత్తరానికి దాదాపు 25 డిగ్రీలు పడమరకు చూపిస్తుంది. ఆ తేడా సరిచేయకుండా 500 మీటర్లు నడిస్తే 200 మీటర్లకు పైగా పక్కకు పోతారు, మబ్బులో అది కొండ అంచు కావచ్చు. పైగా ఉత్తరార్ధగోళం కోసం తూకం వేసిన దిక్సూచి ముల్లు అక్కడ వాలిపోయి డబ్బీకి రాసుకుంటుంది. అక్కడే కొనుక్కోండి.

కోఆర్డినేట్లు డిగ్రీలు, దశాంశ నిమిషాలుగా రాస్తారు: ఎస్ 33° 57.500 ఈ 018° 24.500 ఇలా. చివరి అంకె ఒకటి మారితే ఉత్తర దక్షిణాల్లో 1.85 మీటర్లు, కేప్ అక్షాంశంలో తూర్పు పడమరల్లో సుమారు 1.5 మీటర్లు జరుగుతారు. చేత్తో ఎక్కించేటప్పుడు ఎస్ బదులు ఎన్ పడితే జీపీఎస్ వేల కిలోమీటర్ల దూరం చూపిస్తుంది, ఆ తప్పు వెంటనే తెలిసిపోతుంది. తెలియని తప్పు ఇది: 57.500 నిమిషాలను 57 నిమిషాల 50 సెకన్లనో, దశాంశ డిగ్రీలుగానో ఎక్కించడం. డబ్బా వందల మీటర్లో, కిలోమీటర్లో అవతల పడుతుంది, అక్కడా ఒక కొండ ఉంటుంది, మీరు నమ్మి ఎక్కేస్తారు. జీపీఎస్ సెట్టింగుల్లో డేటమ్ (కోఆర్డినేట్లు లెక్కగట్టే ఆధారం) డబ్ల్యూజీఎస్ 84లో ఉందో లేదో కూడా చూసుకోండి.

సంచి

వేసవిలో మనిషికి 3 లీటర్ల నీళ్లు. కేప్ కొండల మీద వేసవిలో వాగులు ఎండుతాయి, మ్యాపులో నీలం గీత ఉంది కదా అని నమ్మకండి. గాలికి ఆగే జాకెట్, వెచ్చటి చొక్కా ఒకటి, కింద ఎంత ఎండగా ఉన్నా సరే. తల టార్చి తప్పనిసరి. ఫోను టార్చి లెక్కలోకి రాదు, ఎందుకంటే అప్పటికే ఫోను చచ్చి ఉంటుంది. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్ అలా కూడా పనిచేస్తుంది. ఈ ఆటకు యాప్‌లు ఆండ్రాయిడ్‌లో సీ-జియో, ఐఫోన్‌లో క్యాష్లీ. రెండింట్లోనూ పేజీ, ఫొటోలు, ఆఫ్‌లైన్ మ్యాపు ఇంటి దగ్గరే దించుకోవాలి. గార్మిన్ ఉంటే ట్రాక్స్4ఆఫ్రికా మ్యాపులు మట్టిరోడ్ల దాకా చూపిస్తాయి. అదనపు బ్యాటరీలు చలిలో లోపలి జేబులో ఉంచుకోండి.

ఇక ఆటకు సంబంధించినవి: రెండు పెన్సిళ్లు (పెన్ను చలికీ తడికాగితానికీ మొండికేస్తుంది), ఖాళీ లాగ్ కాగితాలు, చిన్న జిప్ కవర్లు, తుడిచే గుడ్డ, మడిచే కర్ర. కర్ర మోకాళ్లకు ఎంత ముఖ్యమో సందుల్లో పొడిచి చూడటానికీ అంతే.

అత్యవసరానికి మొబైల్ నుంచి 112. వెస్టర్న్ కేప్‌లో కొండ రక్షణకు వైల్డర్‌నెస్ సెర్చ్ అండ్ రెస్క్యూ నంబరు 021 937 0300. ఫోన్ చేసినప్పుడు మీ కోఆర్డినేట్లు చదివి చెప్పండి, అది జియోక్యాషర్లకు మాత్రమే బాగా వచ్చిన విద్య.

డబ్బా దగ్గర

చివరి ఇరవై మీటర్లలో ఆగండి. బాణం వెంట గిరగిరా తిరగకుండా, జీపీఎస్‌ను బండ మీద పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి. తెరిచి ఉన్న శిఖరం మీద తప్పు అయిదు మీటర్ల లోపు ఉంటుంది. ఇరుకు లోయలో సిగ్నల్ రాతిగోడలకు తగిలి వస్తుంది కాబట్టి ఇరవై, ముప్పై మీటర్లు కూడా అబద్ధం చెప్పగలదు, అదీ ఎంతో ధీమాగా. దాచినవాళ్ల జీపీఎస్‌కూ అదే గతి పట్టి ఉంటుంది. అందుకని తెర మీద చూపిస్తున్న తప్పుకు రెండింతల వ్యాసార్ధంలో గీత గీసుకుని, ఆ లోపల మనిషి దాచడానికి వీలున్న చోట్లు కళ్లతో లెక్కపెట్టండి.

దక్షిణాఫ్రికా శిఖరాల మీద తెల్లటి సిమెంటు స్తంభాలు, పైన నల్లటి ఇనుప రెక్కలతో, చాలాచోట్ల కనిపిస్తాయి. సర్వే బీకన్లు అవి. డబ్బా బీకన్ పాదం దగ్గరి రాళ్లలో ఉండొచ్చు, ఆ స్తంభాన్ని మాత్రం కదిలించకూడదు, తవ్వకూడదు. మిగతాచోట్ల చూడాల్సింది: గాలికి ఎదురుగా లేని వైపున్న బండ చూరు, చేతి లోతు సందు, అసహజంగా పేర్చినట్టున్న మూడు నాలుగు రాళ్లు. ఒక రాయి కింది మట్టి రంగు పైన ఉందంటే ఎవరో దాన్ని తిప్పారన్నమాట. ఫైన్‌బోస్ మొక్కలు విరిచి వెతకకండి. డబ్బా పొద లోపల పెట్టి ఉండరు, పెట్టకూడదు.

చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టాలి. పఫ్ ఆడర్ అనే లావుపాటి పాము అడుగుల చప్పుడుకు పక్కకు పోదు, కదలకుండా పడి ఉంటుంది, కాలు పడితే కరుస్తుంది. కేప్ కోబ్రా విషం ఊపిరి ఆపుతుంది. తేళ్లలో సన్నటి పటకాలు, లావు తోక ఉన్నవే ప్రమాదం. పిడుదుల కోసం సాయంత్రం చంకలు, మోకాలి వెనక చూసుకోండి. వారం తర్వాత నల్లటి మచ్చ, తలనొప్పి, జ్వరం కలిసి వస్తే టిక్ బైట్ ఫీవర్ అయ్యుండొచ్చని డాక్టరుకు మీరే చెప్పండి, హైదరాబాదు తిరిగొచ్చాక అయితే మరీ ముఖ్యంగా.

డబ్బా తీశాక దాని ఫొటో, దాచిన తీరు ఫొటో తీసుకుని, లాగ్ మీద పేరు, తేదీ రాసి, సంతకం ఫొటో కూడా ఉంచుకోండి. మూత సీలులో ఇసుక రేణువు ఇరుక్కుంటే తదుపరి వానకు లోపల నీరే. గుడ్డతో ఒకసారి అంచు తుడవండి. తినుబండారాలు లోపల పెట్టకండి. బబూన్ కోతికి ఒకసారి వాసన తెలిస్తే ఆ డబ్బాకు నూకలు చెల్లినట్టే. దొరకలేదని కొత్త డబ్బా అక్కడ పడేసి దొరికినట్టు లాగ్ చేయడం కొందరికి అలవాటు. అది యజమానికి రెండు డబ్బాల తలనొప్పి, తర్వాతి వాళ్లకు తప్పుడు లెక్క.

టెరైన్ 5 సంగతి

అయిదు అనగానే తాడు గుర్తొస్తుంది, కానీ ఆ వరసను చాలామంది నీళ్లతో నింపుతారు. జలాశయం మధ్యలో దీవి మీద డబ్బాకు కయాక్ చాలు, అయినా అంకె 5 వస్తుంది. లైఫ్ జాకెట్, నీరు దూరని సంచి, గాలి లేని ఉదయం. తూర్పు, ఉత్తర ప్రావిన్సుల నీళ్లలో బిల్హార్జియా (నీళ్లలోంచి చర్మం గుండా సోకే పరాన్నజీవి జబ్బు) ఉంటుంది. లింపోపో, మ్పుమలంగ, ఉత్తర క్వాజులు-నటాల్ వైపు మొసళ్లు, నీటిగుర్రాలు కూడా. అక్కడ స్థానికులు దిగని నీళ్లలో మీరు దిగకండి.

తాడు పని అయితే నేర్పే మనిషి లేకుండా మొదలెట్టొద్దు. తాడు వెనక్కి లాగి తీసుకోవాలంటే దిగుడుకు రెండింతల పొడవు కావాలి: 20 మీటర్ల దిగుడుకు 40 సరిపోదు, ముడులకూ లంగరుకూ కలిపి 45 పైన ఉండాలి. రెండు కొసలకూ ముడి వేయండి. తాడు నేలకు చేరిందని పైనుంచి ఊహించుకుని, చివరి కొస దాటి జారిపోయే ప్రమాదాన్ని ఆపేది ఆ ముడే.

ఇంటికొచ్చాక లాగ్ చేయడం

గణాంకాలు చెడేది కొండమీద కాదు, ఇంట్లో సోఫాలో. ఒకే రోజు దొరికిన డబ్బాలను సైటు మీరు లాగ్ చేసిన వరసలోనే లెక్కపెడుతుంది. శిఖరం డబ్బాను గొప్పగా ముందు లాగ్ చేసి, బాట మొదట్లో దొరికినవి తర్వాత చేస్తే, డబ్బా నుంచి డబ్బాకు నడిచిన దూరం తప్పుగా పెరుగుతుంది, 500వ డబ్బా ఏదో కూడా మారిపోతుంది. దొరికిన వరసలోనే డ్రాఫ్టులు పెట్టుకుని, అదే వరసలో పంపండి.

తేదీ ఇంకో చిక్కు. గార్మిన్ పరికరాలు సందర్శనలను యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో రాసుకుంటాయి. దక్షిణాఫ్రికా దానికంటే రెండు గంటలు ముందు. పున్నమి రాత్రి కేప్‌టౌన్‌లోని లయన్స్ హెడ్ కొండ ఎక్కి 12.40కి డబ్బా తీస్తే, పరికరం దృష్టిలో అది ముందు రోజు రాత్రి 10.40. క్యాలెండర్‌లో ఖాళీ రోజు కోసమే వెళ్లి ఉంటే ఆ రోజు ఖాళీగానే మిగులుతుంది. పంపే ముందు ప్రతి డ్రాఫ్టులో తేదీ చూసి, లాగ్‌బుక్‌లో పెన్సిలుతో రాసిన తేదీతో సరిపోల్చండి. తేడా ఉంటే కాగితం మీది తేదీనే సైటులో వేయండి.